విరాసత్‌లో ఆడపిల్ల వాటా

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విరాసత్ గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు కోరారు. తండ్రి పోయాక పొలం కొడుకులు పంచుకోవడం, ఆడపిల్లచేత దస్తఖత్ పెట్టించుకోవడం మన పల్లెల్లో ఆనవాయితీ అయిపోయింది. అడిగితే "పెళ్లి చేశాం, జహేజ్ ఇచ్చాం, ఇంకా భూమి ఏమిటి?" అంటారు. జహేజ్ మనం పెట్టుకున్న ఆచారం. వాటా అల్లాహ్ నిర్ణయించినది. అది ఇచ్చామని ఇది ఎగ్గొట్టడానికి వీల్లేదు.

పొలానికి షరియత్ వర్తించదని కొందరు వాదిస్తారు. 1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. కాని మద్రాసు రాష్ట్రం 1949లో చట్టాన్ని సవరించి ఆ మినహాయింపు తీసేసింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి. కనుక ఆ వాదం ఇక్కడ నిలవదు.

పంపకానికి వరుస ఉంది. ముందు కఫన్ దఫన్ ఖర్చు, తర్వాత అప్పులు. భార్యకు బాకీపడిన మెహర్ కూడా అప్పే. ఆపైన వసీయత్ ఉంటే, మిగిలినదాంట్లో మూడో వంతుకు మించకుండా. తర్వాతే వాటాలు.

ఒక లెక్క చూడండి. ఇవన్నీ పోను 8 ఎకరాలు మిగిలింది. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1 ఎకరం. మిగతా 7 ఎకరాలు అయిదు పాళ్లు చేస్తే కొడుకులకు చెరి 2 ఎకరాల 80 సెంట్లు, కూతురికి 1 ఎకరం 40 సెంట్లు.

తాత కంటే ముందే తండ్రి పోయిన పిల్లల సంగతి కూడా మరవకండి. బాబాయిలు, పెదనాన్నలు ఉంటే ఆ మనవలకు వాటా రాదు. తాత బతికుండగానే వాళ్లకు వసీయత్ రాయాలి, లేదా హిబా చేసి భూమి స్వాధీనం చేయాలి. స్వాధీనం చేయని హిబా చెల్లదు.

ఇక, "ఆపా తనంతట తానే మాఫ్ చేసింది" అంటారు. అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని ఆమె నోరు మూసుకుంటుంది. ఆ మౌనాన్ని మాఫీ అని రాసుకుంటే ఎట్లా? ముందు కొలిచి, ఆమె పేర రిజిస్టరు చేసి, చేతికి ఇవ్వండి. ఆ తర్వాత ఉంచుకుంటుందో, ఇస్తుందో ఆమె ఇష్టం.