బిడ్డకు వేరే ముక్కు లేదు

అక్కలూ, అన్నలూ, చెల్లెళ్ళూ!

మేము ఆలుమగలం డాక్టర్లం కాము. ఒకరిది సైటులో సూపర్‌వైజరు పని, ఇంకొకరిది కుట్టు షాపులో పని. అయినా ఉబ్బసం గురించి చెప్పమని కమిటీ వాళ్ళు మమ్మల్ని అడిగారు. ఎందుకంటే మేము తప్పు చేసి నేర్చుకున్నవాళ్ళం.

మాది రాజంపేట పక్క పల్లె. ఇక్కడ ఫర్వానియాలో ఉంటాం. మా ఇంటావిడకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. నెల తప్పిందని తెలియగానే ఊరి నుంచి ఫోను వచ్చింది: "కడుపుతో ఉన్నప్పుడు ఆ మందులు వద్దు తల్లీ, బిడ్డకు చెరుపు." ఇన్‌హేలర్లు రెండూ బీరువాలో పెట్టేశాం. నిజం చెప్పాలంటే, డబ్బు మిగులుతుందనే ఆశ కూడా ఉండింది. 2022 డిసెంబరులో మనలాంటి బయటి దేశాల వాళ్ళకు మందుల రుసుము క్లినిక్‌లో 5 దీనార్లు, స్పెషలిస్టు దగ్గర 10 దీనార్లు చేసిన సంగతి మీకు తెలిసిందే కదా.

నాలుగో నెలలో జలుబు చేసి ఛాతీలోకి దిగింది. రూములో ఎవరో దాచుకున్న యాంటీబయాటిక్ బిళ్ళలు నాలుగు వేశాం. ఐదో నెలలో మళ్ళీ నెమ్ము. ఆరో నెలలో, గుబార్ లేచిన ఒక రాత్రి, పిల్లికూతలు మొదలైనాయి. ఒక్క మాట పూర్తిగా అనలేకపోయింది. 112కు ఫోన్ చేశాం. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక అక్కడున్న తెలుగు నర్సమ్మ అన్న మాట మేము మరిచిపోలేం: "బిడ్డకు వేరే ముక్కు లేదు నాయనా. తల్లి పీల్చిందే దానికి ఊపిరి."

ఆ రోజు నుంచి డాక్టర్ల దగ్గర తెలుసుకున్నవి చెప్తాం.

ఇన్‌హేలర్ మందు ఊపిరితిత్తులకే ఎక్కువ పోతుంది, బిడ్డకు చేరేది చాలా తక్కువ. మందు వాడడం కంటే ఆపడమే ప్రమాదం. నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు. ఇంకొకటి లోపలి వాపు తగ్గించేది. బాగున్నా రోజూ పీల్చాలి, తర్వాత నోరు పుక్కిలించాలి. కడుపుతో ఉన్నప్పుడు ఉబ్బసం మూడింట ఒక వంతు మందికి పెరుగుతుంది, ఒక వంతుకు తగ్గుతుంది, మిగతా వాళ్ళకు అట్లే ఉంటుంది. మనది ఏ రకమో ముందే తెలీదు. అందుకే మొదటి నెలల్లోనే డాక్టరుకు చూపించుకోవాలి.

దాచుకున్న యాంటీబయాటిక్ వేసుకోవద్దు. డాక్సీసైక్లిన్ లాంటివి కడుపులో బిడ్డకు మంచివి కావు. ఇబుప్రోఫెన్ నొప్పి బిళ్ళ కూడా అడగకుండా మింగొద్దు. ఫ్లూ టీకా ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు.

అన్నలూ, ఈ మాట మనకు. సిమెంటు దుమ్ము బట్టలతోనే రూములోకి పోయేవాళ్ళం, అక్కడే దులిపేవాళ్ళం. ఇప్పుడు సైటులోనే మార్చుకుని, కవర్లో కట్టి తెస్తున్నాం. సిగరెట్టు రూములో వద్దే వద్దు. ఏసీ ఫిల్టరు కడగండి. ఇళ్ళల్లో పనిచేసే అక్కలారా, క్లోరోక్స్‌లో యాసిడ్ కలపొద్దు, విషపు గాలి పుడుతుంది. బఖూర్ పొగ పడకపోతే మేడమ్‌కు చెప్పండి, దగ్గు దాచుకోవద్దు. గుబార్ రోజే కాదు, ఉరుముల వాన రోజూ జాగ్రత్త. 2016 డిసెంబరు 1న అట్లాంటి వానకే ఇక్కడ వందలమంది ఆయాసంతో ఆసుపత్రులకు చేరారు, ప్రాణాలు కూడా పోయాయి.

కడుపుతో ఉంటే కొంచెం ఎగరొప్పు మామూలే. పిల్లికూతలు, రాత్రి దగ్గు, జ్వరంతో పచ్చ కఫం మామూలు కాదు, డాక్టరుకు చూపించాలి. మాట తెగిపోతున్నా, పెదాలు నీలమైనా, నీలం ఇన్‌హేలర్‌తో నిమ్మళించకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 112. బిడ్డ కదలిక తగ్గినా అంతే, ఆ పూటే ఆసుపత్రికి పోవాలి.

మనలో చాలామంది ఇంటివాళ్ళు ఊర్లోనే ఉన్నారు. ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ఇదంతా వాళ్ళకు చెప్పండి. అక్కడైతే 108. కట్టెల పొయ్యి పొగకు దూరంగా ఉండమనండి.

మా పాప పుట్టి పది నెలలైంది. వెనక వరసలో వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రపోతా ఉంది. ఇన్‌హేలర్ ఇప్పుడు బీరువాలో లేదు, తలగడ పక్కనే ఉంది.

సెలవు.