నెలనెలా 20న రిలీజ్: పెర్ల్ నుంచి మనం తీసుకోదగ్గ పద్ధతి

ఓపెన్ సోర్స్ అనగానే కోడ్ రాయడం గురించే మాట్లాడుకుంటాం. ఆ కోడ్ వాడేవాళ్ల చేతికి ఎప్పుడు చేరుతుందో పెద్దగా పట్టించుకోం. ఈరోజు ఆ సంగతే చూద్దాం.

ఒక కుర్రాడు జనవరిలో ఓ బగ్ సరిచేసి పంపాడనుకోండి. మెయిన్ బ్రాంచ్‌లో కలిపేశారు. రిలీజ్ మాత్రం రెండేళ్లకు వచ్చింది. అన్నాళ్లూ వాడేవాళ్లకు పాత తిప్పలే. తన పని ఎవరికీ చేరలేదని ఆ కుర్రాడు మళ్లీ ఇటువైపు రాడు. ఆలస్యం వల్ల అసలు నష్టం ఇదీ.

పెర్ల్ భాషనే తీసుకోండి. 5.8 వచ్చింది 2002 జులైలో. 5.10 వచ్చేసరికి 2007 డిసెంబర్. మధ్యలో 5.8కి సవరణలు వచ్చాయి గానీ, కొత్త ఫీచర్లు కావాలన్నవాళ్లు ఐదేళ్లకు పైగా ఎదురుచూశారు. రిలీజ్ బరువంతా ఒకరిద్దరి మీదే ఉండేది. ఆ బాధ్యత మోసేవారిని 'పంప్‌కింగ్' అనేవారు. పంప్‌కిన్, అంటే గుమ్మడికాయ, ఎవరి దగ్గరుంటే వాళ్లే కోడ్‌లో మార్పులు చేయాలన్న పాత ఆనవాయితీ నుంచి వచ్చిన పేరది.

2009లో పద్ధతి మార్చారు. ఒకటి, డెవలప్‌మెంట్ వెర్షన్‌ను ప్రతి నెలా 20న విడుదల చేయాలి. రెండు, ఒక్కో నెల ఒక్కొక్కరు చేయాలి. మూడు, ఏ పని తర్వాత ఏ పనో చెప్పే గైడ్ సోర్స్‌కోడ్‌తోనే ఉండాలి. దాని ఫలితంగా 2010 ఏప్రిల్‌లో 5.12, 2011 మేలో 5.14, 2012 మేలో 5.16 వచ్చాయి. అప్పట్నుంచి ఏడాదికొక పెద్ద రిలీజ్ వస్తోంది.

తేదీ ఖాయం చేస్తే ఎందుకు పని జరుగుతుందంటారా? ఊరికి రోజుకి ఒక్కటే బస్సుంటే జనం టాపు మీద కూడా ఎక్కుతారు. గంటకో బస్సుంటే తొక్కిసలాట ఉండదు, ఇది పోతే ఇంకోటి. ఫీచర్లూ అంతే. రెండేళ్లకోసారి రిలీజైతే ప్రతివాళ్లూ "నాది కూడా ఎక్కించండి, నాలుగు రోజులాగండి" అంటారు. అలా నాలుగు రోజులు నాలుగు నెలలవుతాయి.

తరచుగా రిలీజ్ చేస్తే ఎక్కువ పాడవదా అని అడగొచ్చు. నెల రోజుల మార్పుల్లో తప్పు వెతకడం తేలిక, ఐదేళ్ల మార్పుల్లో వెతకడం కష్టం. పైగా నెలనెలా వచ్చేది పరీక్షించేవాళ్ల కోసం. స్థిరంగా ఉండాలనుకునేవాళ్లకు ఏడాదికొకటి వచ్చేది ఎలాగూ ఉంది. ఈ రెంటినీ కలిపేస్తేనే గొడవ.

ఇక మీ ప్రాజెక్టు సంగతి. ఈసారి రిలీజ్ చేసేటప్పుడు చేసిన ప్రతి పనీ ఒక ఫైల్‌లో రాయండి: వెర్షన్ నంబర్ ఎక్కడెక్కడ మార్చారు, ఏ టెస్టులు నడిపారు, మార్పుల జాబితా ఎలా తయారుచేశారు, ఎక్కడ అప్‌లోడ్ చేశారు. వచ్చేసారి ఆ ఫైల్ ఇంకొకరికిచ్చి, మీరు పక్కన కూర్చోండి. వాళ్లు ఆగి మిమ్మల్ని అడిగిన ప్రతిచోటా గైడ్‌లో ఒక వాక్యం తక్కువైందని అర్థం. అప్పుడే దిద్దండి. రెండు మూడుసార్లు అయ్యాక, మనిషి ఆలోచించక్కర్లేని పనులను స్క్రిప్టుకు అప్పగించండి. మొదటే స్క్రిప్టు రాస్తే, అది ఆగిపోయిన రోజున లోపల ఏముందో రాసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

మీరు పెళ్లికో ఊరికో వెళ్లినా మీ ప్రాజెక్టు రిలీజ్ ఆగకూడదు. గైడ్ సరిగ్గా ఉందో లేదో తెలిసేది అప్పుడే.