ముద్ర పడిన పిదప



ఏ పెద్దవకీలుగారి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏర్పడినదో, వారు ఉర్దూలో వకాలతు నారంభించి, రాజ్యము మారిన పిదప నడివయస్సున ఇంగ్లీషు శాసనములను నేర్చుకొని, రెండు కాలములయందును ఒకే నిష్ఠతో పేషీలకు నిలిచిన తరమునకు చెందినవారు. ప్రభువులు మారినపుడు న్యాయాధిపతి యేమగును, అతని ఆసనము ఎవరి చేతిలో నుండును అను ప్రశ్న ఆ తరమువారికి తమ కన్నులయెదుట, తమ కక్షిదారుల ప్రాణములతోను ఆస్తులతోను ముడివడి నిలిచినది. కావున వారి పేర మాటలాడు భాగ్యము లభించినపుడు న్యాయాధిపతుల నియామకమునే విషయముగా గైకొంటిని. నేను చెప్పదలచినది ఒక్కటే: న్యాయాధిపతిని ఎవరు నియమించిరి అనుదానికంటె, నియమించినవాని చేయి ఏ క్షణమున అతనిపైనుండి తొలగినది అనునది ప్రజలకు ముఖ్యము. ఈ సంగతి తేటతెల్లముగా వాదింపబడినది అమెరికాలో, ఆ ప్రజారాజ్యము ఇంకను పసితనమున నున్నపుడు. కనుక మొదట అచటికి పోయి, పిదప మన హైదరాబాదునకు, మన నిజామాబాదునకు వత్తము.

1789లో అమెరికా శాసనసభ తమ సుప్రీంకోర్టునకు ఆరుగురు న్యాయమూర్తులను నిర్ణయించెను. ప్రధాన న్యాయమూర్తికి సాలునకు 4000 డాలర్లు, తక్కినవారికి 3500 డాలర్లు జీతము. రాజధానిలో కూర్చుండుటతో వారి పని తీరలేదు. ఏటేట రెండుమారులు గుఱ్ఱపుబండ్లపై చెడిపోయిన దారులవెంట పోయి ఊరూర విచారణలు జరుపవలసియుండెను. ఆ శ్రమకు ఓర్వలేక రాజీనామా లిచ్చినవారు కలరు. తొలి ప్రధాన న్యాయమూర్తి జాన్ జే ఆ పీఠముపై నుండియే 1792లో న్యూయార్కు గవర్నరు పదవికి పోటీచేసి ఓడి, 1795లో గెలిచి, న్యాయపీఠమును విడిచిపోయెను. ఆయన స్థానమున అధ్యక్షుడు వాషింగ్టను నియమించిన రట్లెడ్జిని సెనేటు తిరస్కరించెను. 1800 సంవత్సరాంతమున అధ్యక్షుడు ఆడమ్స్ మరల జేనే పిలిచి, సెనేటు అంగీకారమును గూడ సంపాదింపగా, ఈ న్యాయస్థానమునకు తగిన బలముగాని గౌరవముగాని లేదని ఆయన ఆ పదవిని నిరాకరించెను. నేడు ప్రపంచమంతయు తలవంచు ఆ పీఠము ఆనాడు యోగ్యులు వలదన్న పీఠము.

జే నిరాకరించుటవలన ఆ పదవి ఆడమ్స్ దగ్గర విదేశాంగ కార్యదర్శిగానున్న జాన్ మార్షలునకు దక్కెను. 1801 ఫిబ్రవరి 4న ఆయన ప్రమాణము చేసెను. అయినను అధ్యక్షుని పదవీకాలము ముగియువరకు కార్యదర్శి పనియు చేయుచుండెను. అప్పటికే ఆడమ్స్ ఎన్నికలలో ఓడిపోయియున్నాడు. మార్చి 4న అధ్యక్షపదవికి జెఫర్సన్ రావలసియున్నాడు. ఆ నడుమనున్న కొద్దివారములలో ఓడిన పక్షము ఫిబ్రవరి 13న ఒక చట్టము చేసి, పదహారు క్రొత్త న్యాయాధిపతి పదవులను కల్పించి తమవారితో నింపెను. రాజధాని ప్రాంతమునకు 42 మంది శాంతిరక్షక న్యాయాధికారులను గూడ నియమించెను. వారి పత్రములపై అధ్యక్షుడు సంతకము చేసెను. కార్యదర్శియగు మార్షలు రాజముద్ర వేయించెను. తొందరలో కొన్ని పత్రములు మాత్రము చేరవలసినవారికి చేరక కార్యాలయముననే మిగిలిపోయెను. జెఫర్సన్ వచ్చి, వానిని ఇయ్యవలదని ఆజ్ఞాపించెను. అట్లు పత్రము దక్కనివారిలో విలియం మార్బరీ ఒకడు. అతడు సుప్రీంకోర్టు కెక్కెను.

క్రొత్త ప్రభుత్వ మంతటితో నాగలేదు. 1802లో ఆ పదహారు పదవులను కల్పించిన చట్టమునే రద్దుచేసెను. సత్ప్రవర్తన గలంతకాలము న్యాయాధిపతిని తొలగింపరాదని రాజ్యాంగము స్పష్టముగా చెప్పియుండగా, తొలగించుట మాని ఆసనమునే ఎత్తివేసిరి. సుప్రీంకోర్టు దీనిని ప్రశ్నించునేమోయని దాని సమావేశములను గూడ 1803 ఫిబ్రవరివరకు జరుగనీయలేదు.

1803 ఫిబ్రవరి 24న మార్బరీ వ్యాజ్యమున మార్షలు తీర్పు వెలువడినది. రాజ్యాంగవిరుద్ధమైన చట్టము చట్టమే కాదని చెప్పు అధికారము న్యాయస్థానమునకు కలదని ఆ తీర్పు స్థాపించినందున, మన న్యాయకళాశాలలలో విద్యార్థులు ఆ భాగమునే వల్లెవేయుదురు. ఆ తీర్పు పూర్వభాగమును చదువువారు తక్కువ. అధ్యక్షుడు సంతకము చేసి, రాజముద్ర పడిన క్షణముననే నియామకము పూర్తియైనదని, పత్రము చేతికందుట నియామకములో భాగము కాదని, అధ్యక్షుని ఇష్టానుసారము రద్దుకాని పదవి యగుటచే ఆ క్షణమునుండి అది నియుక్తుని హక్కని, దానిని ఆపుట చట్టవిరుద్ధమని మార్షలు అచ్చట తేల్చెను. నియమించువాడు ఎంత పక్షపాతముతో నియమించినను, ముద్ర పడిన పిదప అతని చేయి వెనుకకు పోవలెను; అతని స్థానమున వచ్చినవాని చేయియు ముందుకు రారాదు. నా దృష్టిలో ఆ తీర్పున కెల్ల ప్రాణప్రదమైన వాక్యము లచటనే యున్నవి.

అయినను ఆ తీర్పును నేను లోపరహితమని చెప్పను. ఆ పత్రములను అందజేయక మిగిల్చిన కార్యదర్శి మార్షలే. ఆ ఏమరుపాటుపై పుట్టిన వ్యాజ్యమును విన్న న్యాయమూర్తియు మార్షలే. నేడు మన జూనియరు సివిల్ జడ్జి కోర్టులో నైనను ఇట్టిది జరిగినచో, తప్పుకొనవలసినదని ఏ జూనియరు వకీలైనను లేచి ప్రార్థించును. మరియు హక్కు కలదని చెప్పిన ఆ న్యాయస్థానమే, తనకు నేరుగా ఆజ్ఞ ఇచ్చు అధికారము నిచ్చిన చట్టభాగము చెల్లదని చెప్పి మార్బరీని రిక్తహస్తముల పంపెను. తరువాత వారము తిరుగకమున్నే, మార్చి 2న, ఆసనములను ఎత్తివేసిన 1802 చట్టమును మరియొక వ్యాజ్యమున ఆ న్యాయస్థానమే ఆమోదించెను. సూత్రము నిలిచినది, మనుష్యులు నష్టపడిరి. 1805 మార్చి 1న న్యాయమూర్తి శామ్యూల్ చేజ్‌ను అభిశంసన విచారణలో సెనేటు నిర్దోషిగా విడిచిన పిదపగాని, తీర్పు నచ్చనంతమాత్రమున న్యాయాధిపతిని దింపరాదను మర్యాద ఆ దేశమున కుదురుకొనలేదు.

ఇక మన గడ్డకు వత్తము. నిజాము రాజ్యమున చిరకాలము తాలూక్‌దారుడు, తహసీలుదారుడు శిస్తు వసూలుచేయు చేతితోనే వ్యాజ్యములను గూడ తీర్చుచుండిరి. 1921లో మీర్ ఉస్మాన్ అలీఖాను ఫర్మాను జారీచేసి న్యాయశాఖను పరిపాలనశాఖనుండి వేరుపరచెను. బ్రిటిషు ఇండియాలో కాంగ్రెసువారు ఎన్నియో ఏండ్లు అడిగినను దొరకని సంస్కరణ ఇది. దానిని మెచ్చుకొనుటకు నాకు సంకోచము లేదు. అంతకు ముందటి యేడు, 1920 ఏప్రిలు 20న, మూసీ ఒడ్డున విన్సెంట్ ఎష్ రూపకల్పనలో వెలసిన హైకోర్టు భవనమునకు ప్రారంభోత్సవము జరిగినది. వకాలతు చేసి పేరుగాంచిన కేశవరావు కొరాట్కరు వంటివారు ఆ న్యాయాసనమును అలంకరించిరి.

కాని వేరుపరచుట స్వాతంత్ర్య మొసగుట కాదు. ఏ ఫర్మానుచే న్యాయాధిపతి కూర్చుండెనో, మరియొక ఫర్మానుచే లేవవలసినవాడే. హైకోర్టుపై జుడిషియల్ కమిటీ, దానిపై ప్రభువు. ప్రభువుపై శాసనము లేదు. పాయిగాలకును పెద్ద జాగీరులకును వేరే అదాలతు లుండెను. భూమియెవరిదో న్యాయాధిపతియు వారివాడే. 1937లో మన పట్టణమున మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ సమావేశమైనపుడు, ఆ వేదికపైని పెద్దలలో పలువురు వకీళ్లగుట కాకతాళీయము కాదు. కోర్టులో వాదింపవీలుకాని దానిని సభలో వాదింపవలసివచ్చెను. 1947-48 సంవత్సరముల సంక్షోభమున ఈ ఇందూరు (నిజామాబాదు) ఖిల్లా జైలులో దాశరథియు వట్టికోట ఆళ్వారుస్వామియు బంధితులై యుండిరి. ఆ జైలునుండి చూచినవారికి మూసీ ఒడ్డునున్న గోపురములు ఎంతో దూరమున నుండెను.

1948 సెప్టెంబరులో రాజ్యము మారెను. సైనిక గవర్నరు పాలన వచ్చెను. 1949 ఆగస్టు 15న జాగీరులు రద్దయ్యెను, వానితో వాని అదాలతులును పోయెను. ఇది మేలు. అయితే ఆ సైనిక గవర్నరే తెలంగాణ పోరాటపు అభియోగములను విచారించుటకు ప్రత్యేక ట్రిబ్యునళ్లను నియమించెను. ఏ ప్రభుత్వము ఎవరిపై ఆయుధము పట్టినదో, వారిని విచారించువారిని ఆ ప్రభుత్వమే ఏరుకొనెను. ఆ ట్రిబ్యునళ్లు పన్నిద్దరు తెలంగాణ యువకులకు మరణదండన విధింపగా, 1949 డిసెంబరులో హైకోర్టు దానిని స్థిరపరచెను. కొద్దివారములకే, 1950 జనవరి 26న, రాజ్యాంగము వచ్చెను. జనార్దనరెడ్డి వ్యాజ్యమని మనము పిలుచు ఆ విషయమున ఇంగ్లండునుండి డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించెను. హైకోర్టు తీర్పు రాజ్యాంగమునకు ముందటిది, ఆ దినమున హైదరాబాదు హైకోర్టు భారతభూభాగములోని న్యాయస్థానము కాదు, కావున అప్పీలు లేదని సుప్రీంకోర్టు తేల్చెను. 1951 మార్చిలో వారి రిట్ పిటిషనును గూడ కొట్టివేసెను. తరువాత ఆ మరణదండనలు యావజ్జీవశిక్షలుగా మారినవి. కాని న్యాయస్థానము ఇచ్చినది జాలి కాదు, తేదీ. ఆ తీర్పు శాసనదృష్టిని సరియే కావచ్చును. నాకు మాత్రము అది చదివినపుడెల్ల మనస్సు కలవరపడును.

అదే రాజ్యాంగమున 376వ అధికరణమున్నది. హైకోర్టు న్యాయమూర్తులందరకు అరువది యేండ్లవరకు పదవి స్థిరమని ఆనాటి 217వ అధికరణము చెప్పుచుండగా, హైదరాబాదు వంటి పూర్వసంస్థానముల హైకోర్టు న్యాయమూర్తులు మాత్రము రాష్ట్రపతి ఉత్తరువుచే నిర్ణయించునంత కాలమే యుందురని 376 చెప్పెను. సంధికాలమున అట్టి ఏర్పాటునకు కారణము లుండవచ్చును. కాని ముద్ర పడినను చేయి తొలగని న్యాయమూర్తులు కొంతకాలము మన హైకోర్టులోనే కూర్చుండిరని మనము మరువరాదు. 1952లో అదే హైకోర్టులో న్యాయమూర్తియైన పి. జగన్మోహనరెడ్డిగారు, తరువాత సుప్రీంకోర్టున కేగి, 1973 ఏప్రిలు 24న కేశవానందభారతి తీర్పులో పార్లమెంటు రాజ్యాంగపు మౌలికస్వరూపమును మార్పజాలదన్న ఏడుగురిలో ఒకరైరి. ఆ మరునాడే ప్రభుత్వము ఆ ఏడుగురిలోని ముగ్గురు సీనియరు న్యాయమూర్తులను దాటి, వ్యతిరేకముగా వ్రాసినవారిలో ఒకరిని ప్రధాన న్యాయమూర్తిగా ప్రకటించెను.

కోకా సుబ్బారావుగారిని గూర్చి ఒకమాట చెప్పక తప్పదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి, భారత ప్రధాన న్యాయమూర్తి పీఠమెక్కిన తొలి తెలుగువాడు. 1967 ఫిబ్రవరి 27న ప్రాథమికహక్కులను గూర్చిన గోలక్‌నాథ్ తీర్పు వ్రాసి, ఏప్రిలులో రాజీనామా యిచ్చి, రాష్ట్రపతి పదవికి ప్రతిపక్షముల అభ్యర్థిగా నిలిచిరి. ఆయన మేధను నేను శిరసావహింతును. అయినను జాన్ జే చేసిన పని ఆనాడును తగదు, ఈనాడును తగదు. పీఠము దిగిన కొన్నినాళ్లకే ఓటర్లయెదుట నిలుచు న్యాయమూర్తి తన వెనుకటి తీర్పులకు తానే సందేహమును కల్పించును.

చేయి తొలగనిచోట బదిలీయే బెదిరింపు. 1976లో అత్యవసర పరిస్థితియందు పదునార్గురు హైకోర్టు న్యాయమూర్తులను రాష్ట్రములు మార్చిరి. గుజరాతునుండి సంకల్‌చంద్ సేఠ్‌ను మన హైదరాబాదునకు పంపిరి. మన హైకోర్టునుండి ఓ. చిన్నపరెడ్డిగారిని పంజాబు-హర్యానాకు పంపిరి. సేఠ్ ఆ ఉత్తరువును గుజరాతు హైకోర్టులో సవాలు చేసెను. విషయము 1977లో సుప్రీంకోర్టునకు పోగా, న్యాయమూర్తి సమ్మతి అవసరము కాకపోయినను, ప్రజాహితమునకే బదిలీ జరుగవలెనని, భారత ప్రధాన న్యాయమూర్తితో సంప్రదింపు నిజమైనదై యుండవలెనని తేలెను. 1993 నాటి తీర్పుచే నియామకములలో న్యాయమూర్తుల మండలి మాటకు ప్రాధాన్యము వచ్చినది. 2015లో దానికి మారుగా తెచ్చిన కమిషనును సుప్రీంకోర్టు చెల్లదన్నది. ఆ మండలి పని తెరవెనుక జరుగుచున్నదన్న విమర్శ న్యాయమైనదే.

ఢిల్లీ సంగతి నట్లుంచి, మన పొరుగున ప్రతిదినము జరుగు పేషీని చూడుడు. 2022 జూన్ 2న తెలంగాణమున 33 న్యాయజిల్లాలు ఏర్పడి, కామారెడ్డి మననుండి వేరైనది. 2021లో హైకోర్టు న్యాయమూర్తుల సంఖ్య 24 నుండి 42కు పెరిగినది. కాని బోధను చెరకురైతునకు, 2015 డిసెంబరులో మూతబడిన చక్కెర కర్మాగారపు కార్మికునికి హైకోర్టు కంటె ముందు కనబడునది జూనియరు సివిల్ జడ్జి. ఆ జడ్జీల పోస్టింగులను, బదిలీలను, క్రమశిక్షణను ప్రభుత్వము చేతినుండి తీసి హైకోర్టున కప్పగించినది 235వ అధికరణము. మార్షలు వాక్యమునకు మన తాలూకాలలో దొరకిన రూపమదియే. దానిని చెడగొట్టుటకు ప్రభుత్వమే రానక్కరలేదు. నచ్చని తీర్పు వచ్చినపుడు ఆ జడ్జిని బదిలీ చేయింపుడని నాయకుల ఇండ్లకు పోవు కక్షిదారులు, వారివెంట పోవు వకీళ్లు చాలుదురు.

నిజామాబాదు, బోధను, కామారెడ్డి న్యాయవాదసోదరులారా! తీర్పు తప్పైనచో అప్పీలు వేయుడు, పునర్విచారణ కోరుడు, బహిరంగముగా విమర్శింపుడు; న్యాయాధిపతి బదిలీకై మాత్రము ఎవరి గుమ్మమును ఎక్కకుడు. మీలోని పిన్నవారు, ముఖ్యముగా ఉర్దూ, తెలుగు మిసళ్లు రెండును చదువగలవారు, ఈ యేడే సివిల్ జడ్జి పరీక్షకు కూర్చుండుడు. ఖాళీగానున్న ప్రతి ఆసనమును నింపుమని మీ సంఘము పక్షమున హైకోర్టునకును ప్రభుత్వమునకును వ్రాతపూర్వకముగా విన్నవింపుడు.