ఆరవయేటి పన్ను
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్య, వివాహము, వసతిగృహ నిర్మాణము మొదలగు గొప్ప విషయములను గూర్చి పెద్దలు ప్రసంగించిన ఈ వేదికపై మేము పండ్లను గూర్చి మాటాడ నిలిచితిమి. కొందరు చిరునవ్వు నవ్వుచున్నారు. నవ్వినప్పుడు కనబడునవియే మా విషయము గనుక మాకు సంతోషమే.

మేము వైద్యులము కాము. ముప్పదియేండ్లకు మించి ఉన్నతపాఠశాలయందు తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవారము. అట్టివారికి ఈ ప్రసంగ మేల యందురా, మేమొక బాలునకు చేసిన అపకారమే ఇందులకు కారణము. దానిని ముందుగా విన్నవించెదము.

సుమారు ముప్పదియేండ్ల క్రిందట ఆరవ తరగతి పిల్లలకు నానార్థములు చెప్పుచుంటిమి. ద్విజశబ్దమునకు అమరకోశము పన్ను, బ్రాహ్మణుడు, పక్షి అని మూడర్థములు చెప్పినది. పక్షి గ్రుడ్డుగా నొకమారు, పిల్లగా నొకమారు పుట్టును. పన్ను పాలపన్నుగా వచ్చి ఊడి మరల పుట్టును. ఇట్లు వివరించుచుండగా పదునొకండేండ్ల బాలుడొకడు దవడ పట్టుకొని కన్నీరు పెట్టుచుండుట కనబడెను. నోరు తెరువుమంటిమి. క్రిందిదవడలో వెనుకటి పన్ను పుచ్చి నల్లని గుంటపడి యుండెను. “భయపడకుము, ఇదియు ద్విజమే; ఊడి మరల పుట్టును” అని తరగతినంతను నవ్వించితిమి. వాని తండ్రికిని అట్లే చెప్పి, లవంగము పెట్టుకొమ్మని పంపితిమి. ఆయన మా మాట నమ్మెను. పల్లెలో నాడు పంతులు మాట వైద్యుని మాటకంటె తక్కువది కాదు. నాలుగు మాసములు గడచునప్పటికి బాలుని చెంప పొంగి, జ్వరము తగిలి, పట్టణమునకు గొనిపోయి ఆ పన్ను తీయించిరి.

ఇటీవల నొక పెండ్లి పంక్తిలో అతడు మా ప్రక్కనే కూర్చుండెను. నలువదియేండ్లు దాటినవాడు. జంతికను మజ్జిగలో నానవేసికొని ఒకవైపుననే నమలుచుండెను. మేము చూచుట గమనించి, “మాస్టారూ, మీరు చెప్పిన ఆ రెండో పుట్టుక కోసం ఇంకా చూస్తూనే ఉన్నానండి” అని నవ్వెను. మేము నవ్వలేకపోతిమి.

ఆ పన్ను ద్విజము కాదు. పాలపండ్లు ఇరువది, స్థిరదంతములు ముప్పదిరెండు. ఈ లెక్క యందరెరిగినదే. కాని ఆ ముప్పదిరెంటిలో ఇరువది మాత్రమే పాలపండ్ల చోట వచ్చునవి. తక్కిన పండ్రెండును ఒక్కమారే పుట్టును. వానిలో మొదటివి, బిడ్డకు ఆరవయేట, పాలపండ్ల వరుసకు వెనుకగా, క్రింద రెండును పైన రెండును వచ్చు దౌడపండ్లు. వీనికొరకు ఏ పన్నును ఊడదు. బిడ్డయు సాధారణముగా బాధపడదు. కావున తల్లికి తెలియనే తెలియదు. తెలిసినను పాలపన్నే యనుకొని, పుచ్చినచో పుచ్చనిండు, ఊడి మంచిది వచ్చునని ఊరకుండును. చదువుకొన్న మేమే అట్లనుకొంటిమి. ఇక చదువుకొననివారి నేమనగలము? దవడ కంతటికిని మూలస్తంభము వంటిది ఈ పన్నే. ఇది పోయిన యెడల ప్రక్కపన్ను ఆ సందులోనికి ఒరగును, ఎదుటిపన్ను ఆధారము లేక దిగజారును, నమలుట చెడును.

పుచ్చుట ఎట్లు కలుగునో కొంచెము చెప్పవలయును. సుశ్రుతుడు ముఖరోగములు అరువదియైదు చెప్పి, అందు దంతరోగములలో క్రిమిదంతక మను దానిని పేర్కొన్నాడు. ఆ పేరు విని పురుగును పట్టబోయి మనవారు మోసపోవుచున్నారు. వాకుడు గింజల పొగ పట్టి పంటిపురుగును రాల్చెదమనువారు చూపునది గింజలోని తునుకలేకాని పురుగు కాదు. నిజముగా పనిచేయునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. మనము తిన్న తీపిని, పంటికంటుకొన్న పిండిపదార్థమును అవి తిని ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పింగాణిపొరను కరగించును. లాలాజలము ఆ నష్టమును మెల్లమెల్లగా సరిదిద్దును గాని, దానికి వ్యవధి కావలయును. బెల్లపుముక్క భోజనముతోపాటు తిని ఊరకుండిన బిడ్డకంటె, గంటగంటకు ఒక బిస్కత్తు నమలు బిడ్డ పండ్లే ముందుగా చెడును. ఎంత తింటిమనుటకంటె ఎన్నిమారులు తింటిమనుట ముఖ్యము. ఆరవయేటి పంటిపై లోతైన గాడు లుండును. కుంచెపోచ సైతము దూరని సన్నని గాడులు. పన్ను క్రొత్తగా మొలచినప్పుడే దంతవైద్యుడు తొలుచుట యక్కరలేకుండ ఆ గాడులను ఒక పూతతో పూడ్చివేయగలడు. ఈ సంగతి మాకు నాడే తెలిసియున్న యెడల!

దంతధావనము మనకు క్రొత్త కాదు. పండ్రెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును గల పుల్లను చెప్పి, చేదుపుల్లలలో వేప మేలనినవాడు సుశ్రుతుడే. అయితే మనము పుల్లను పట్టుకొని నియమమును విడిచితిమి. చరకుడు దినమునకు రెండుమారులు తోముకొమ్మని, చిగుళ్లకు గాయము కానీయరాదని చెప్పెను. వాగ్భటుడు ప్రాతఃకాలమునను, భోజనానంతరమునను అని స్పష్టముగా వ్రాసెను. మనలో ఎందరము రాత్రి భుజించిన పిమ్మట పండ్లు తోముకొనుచున్నాము? నిదురలో లాలాజలము తగ్గును, సూక్ష్మజీవులకు అడ్డుండదు. ఉదయము తోముకొనుట ఆచారమునకైనను, రాత్రి తోముకొనుట పంటికొరకు. ఇక ఇటుకపొడి, బొగ్గుపొడులతో రుద్దువారిని చూచినచో పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయియైన నేమి యను సామెతయే జ్ఞప్తికి వచ్చును.

ఫ్లోరైడు విషము గదా, నల్లగొండలో, కనిగిరిప్రాంతమున ఎముకలు వంకరపోయినది దానివలననే గదా, పేస్టులో నేల యని మమ్మడిగినవారు గలరు. మంచి ప్రశ్నయే. అచ్చటి కష్టము సంవత్సరములతరబడి బావినీటితో మ్రింగుటవలన వచ్చినది. త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు లేనిచోట 1.5 వరకే యనియు మన దేశపు ప్రమాణము. పేస్టును మ్రింగుట లేదు; అది పంటిపై నిలిచి పింగాణిని గట్టిపరచును. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేండ్లలోపువానికి బఠాణీగింజంత చాలును. ఉమియుట పెద్దలు దగ్గరనుండి నేర్పవలయును.

పెద్దలకు పుచ్చుటయే కాక చిగుళ్ల వ్యాధియు పండ్లను పోగొట్టును. దంతశర్కర యని ప్రాచీనులన్న గార పంటి మొదట గట్టిపడి, చిగురు వాచి, రక్తము కారును. నొప్పి యుండదు, కావున ఎవరును లక్ష్యపెట్టరు. మధుమేహము గలవారికి ఇది త్వరగా ముదురును. ఇది ముదిరినచో మధుమేహమును లొంగదు. వయసు వచ్చినది, పండ్లు కదలినవి యని సరిపెట్టుకొనుట తగదు.

ఇక ఒక్కమాట. అప్రియమైనను చెప్పక తీరదు. మా శ్రీకాకుళ ప్రాంతమున స్త్రీలు అడ్డపొగ త్రాగు అలవాటు గలదు. చుట్టకు నిప్పంటించి ఆ నిప్పుకొసనే నోటిలో నుంచుకొందురు. మా మేనత్త అట్లే త్రాగెడిది. అంగిలి మొదట తెల్లబారెను, తరువాత పుండయ్యెను, తరువాత అది కాన్సరని తేలెను. కడపటి దినములలో గంజియు దిగలేదు. ఆమె వంట తిని పెరిగిన మేము ఒక్కనాడైన ఆ చుట్టను గూర్చి నోరెత్తి అడుగలేదు. మేనత్త నడుగుటా యని ఊరకుంటిమి.

ఈ యుదయము స్వాగతద్వారమున మాకొక పళ్లెము చూపిరి. చందనము, పుష్పము, తమలపాకు, వాని ప్రక్కన మెరయు పొట్లములలో వక్కపొడి. తాంబూలము మంగళద్రవ్యము, కాదనము. కాని పొగాకు కలియకున్నను పోకచెక్క కాన్సరునకు కారణమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనసంస్థ 2004లో ప్రకటించినది. ఆ పళ్లెమునొద్ద పదేండ్ల బాలురు రెండేసి పొట్లములు జేబులో వేసికొనుట మేము చూచితిమి. వచ్చే సంవత్సరము దేవునియెదుట ఆకును పోకను ఉంచుకొందము. ద్వారమునొద్ద పొట్లములు వద్దని ఆహ్వానసంఘమువారిని ప్రార్థించుచున్నాము.

దాతలకు ఒక విన్నపము. మన వసతిగృహమున భోజనశాలకు ప్రక్కనే కుళాయిల వరుస గలదు. రాత్రి భోజనమైన వెంటనే పిల్లలందరు అచ్చట పండ్లు తోముకొనునట్లు నియమము చేసి, కుంచెలకును పేస్టునకును సంఘనిధినుండి సొమ్మిప్పింపవలయును. ఏటికొకమారు దంతపరీక్ష చేయింపవలయును. ఇందులకగు వ్యయము ఈ పందిరికైనదానిలో చిన్న భాగము కూడ కాదు.

మధ్యాహ్న భోజనానంతరము సభామంటపమునకు దక్షిణపు వసారాలో, మన సంఘసభ్యులైన దంతవైద్యు లొకరు అద్దమును దీపమును పట్టుకొని కూర్చుండుట కంగీకరించినారు. రుసుము లేదు. ఆరు మొదలు పదియేండ్ల వరకు గల బిడ్డలను తోడ్కొని రండు. వరుసలో నిలుపుటకు మేముందుము. ఆ పని మాకు అలవాటే.