ద్వితీయ భాష గడిలో ఏం రాద్దాం?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా పదో తరగతి, ఇంటర్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన పండుగల గురించి, పాటల గురించి పెద్దలు చక్కగా చెప్పారు. హాస్టల్ వార్డెన్లం, టీచర్లం కాబట్టి మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. చదువంతా చెప్పాలంటే పొద్దు చాలదు. అందుకని ఇంటర్ దరఖాస్తులోని ఒక చిన్న గడి గురించే చెబుతాం. గ్రూపు పేరు పక్కనే ఉంటుంది ఆ గడి. ద్వితీయ భాష అని రాసి ఉంటుంది.

ఎంపీసీనా, బైపీసీనా అని ఇంట్లో నెల రోజులు మాట్లాడుకుంటాం. బాబాయిని అడుగుతాం, సార్లను అడుగుతాం. ఈ గడిని మాత్రం కాలేజీ కౌంటర్ దగ్గర నిలబడి అర నిమిషంలో నింపేస్తాం. పక్కవాళ్లు ఏం రాశారో చూసి రాస్తాం. ఒక్కోసారి వాళ్లే నింపి సంతకం పెట్టమంటారు.

ఇక్కడి సర్కారు కాలేజీలో చేరితే ఎక్కువగా తెలుగే ఉంటుంది కాబట్టి పెద్దగా ఆలోచించే పని లేదు. పదిలో మంచి మార్కులు తెచ్చుకుని, కార్పొరేట్ కాలేజీ పథకంలో సీటు వచ్చి హైదరాబాద్ వెళ్లిన పిల్లలకు సంస్కృతం, ఫ్రెంచ్ ఎదురవుతాయి. అప్పుడు మాకు ఫోన్లు వస్తాయి. "మేడమ్, ఫ్రెంచ్ తీసుకోమంటున్నరు. మార్కులు బాగొస్తయట. తీసుకోనా?"

తీసుకో అనో, వద్దు అనో మేము ఒక్క మాటలో చెప్పం. మార్కుల కోసమా, భాష కోసమా అని తిరిగి అడుగుతాం. ఈ రెండూ వేర్వేరు దారులు.

ముందు మార్కుల సంగతి. మన తెలంగాణ ఇంటర్‌లో ద్వితీయ భాషకు ఏడాదికి 100 మార్కులు. రెండేళ్లకు కలిపి 1000లో 200. తక్కువేమీ కాదు. అయితే నీట్‌లో గానీ జేఈఈలో గానీ ఈ మార్కులు ర్యాంకులోకి రావు. బట్టీ పట్టి 98 తెచ్చుకున్న ఫ్రెంచ్ పరీక్ష అయిన మూడు నెలలకు ఒక్క వాక్యం కూడా మిగలదు. ఆ రెండేళ్లు తెలుగు రాయకపోవడం వల్ల తెలుగు చేతి నుంచి జారుతుంది. రేపు టీచరు కావాలనుకుంటే టెట్ రాయాలి. అందులో భాషా పేపరుకు తెలుగు కావాలి. ఉద్యోగం సంగతి అలా ఉంచండి. పోడు పట్టా గురించి నాయనకు వచ్చిన కాగితం చదివి అర్థం చెప్పాల్సింది మీరే. ఐటీడీఏలో ఇచ్చే అర్జీ, గ్రామసభ తీర్మానం రాయాల్సింది కూడా మీరే. ఇంట్లో మొదటగా చదువుకున్న పిల్లలకు ఈ బాధ్యత తప్పదు. పట్నం పిల్లలకు తెలుగు తగ్గితే ఇంట్లో ఇంకొకరు చదువుతారు. మన ఇళ్లలో ఆ ఇంకొకరు ఉండరు.

కాబట్టి మార్కుల కోసమే అయితే, తెలుగును వదులుకోవాల్సిన అవసరం లేదంటాం.

భాష కోసమే అయితే మా జవాబు వేరు. అప్పుడు మొదట చెప్పేది, భయపడొద్దని. గిరిజన పిల్లలకు ఫ్రెంచ్ ఏం వస్తుందిలే అని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్, సంతలో ఇంకో భాష మాట్లాడే పిల్లలు మీరు. కొత్త భాష నేర్చుకోవడం మీకు పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు.

కొన్ని ఉదాహరణలు చెబుతాం. ఫ్రెంచ్‌లో ప్రతి వస్తువూ ఆడో మగో అయి ఉండాలి. పుస్తకం మగ, కుర్చీ ఆడ. సూర్యుడు మగ, చందమామ ఆడ. దాన్ని బట్టి పక్కనున్న విశేషణం కూడా మారుతుంది. తెలుగు ఒక్కటే తెలిసిన పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. లంబాడీ పిల్లలకు ఏం వింత? ఘోడో, ఘోడీ అని తేడా చూపించడం, దానికి తగ్గట్టు విశేషణం మార్చడం వాళ్లకు అమ్మ దగ్గరే వచ్చేసింది. ఫ్రెంచ్‌లో ముక్కుతో పలికే అచ్చులు కూడా వాళ్లకు కొత్త కాదు.

గోండి, కొలామీ పిల్లల సంగతి ఇంకోటి. హాస్టల్‌కు కొత్తగా వచ్చిన చిన్నపిల్లలు "అక్కలు వచ్చినయి" అంటారు. పెద్దపిల్లలు నవ్వుతారు. కానీ అది తెలియనితనం కాదు. తెలుగులో బహువచనానికి వచ్చేసరికి ఆడవాళ్లు మగవాళ్లతో కలుస్తారు. గోండిలో, కొలామీలో ఏకవచనమైనా బహువచనమైనా మగవాళ్లది ఒక వరుస, మిగతా అంతా ఇంకో వరుస. ఆ పిల్లలు తమ భాష వ్యాకరణాన్ని తెలుగులో పెట్టి మాట్లాడారు. ఏ భాషకు ఆ భాషే వరుసలు పెట్టుకుంటుందని ఆరేళ్లకే అనుభవంలోకి వచ్చిన పిల్లలు, ఫ్రెంచ్ వరుసలు చూసి జడుసుకుంటారా?

లెక్కలు చూడండి. ఫ్రెంచ్‌వాళ్లు 70ని అరవై-పది అంటారు. 80ని నాలుగు-ఇరవైలు అంటారు. 90 అంటే నాలుగు-ఇరవై-పది. ఇది చూసి ఇంగ్లిష్ పిల్లలు తల పట్టుకుంటారు. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోని మన సవర అవ్వలు లెక్కపెట్టేదీ ఇరవైలలోనే. 80 అంటే వాళ్లకూ నాలుగు ఇరవైలే. అంతేకాదు, పదమూడును పన్నెండు మీద ఒకటి అంటారు. ప్రపంచ భాషా శాస్త్రవేత్తలు అపురూపంగా చూసే లెక్క అది. మనలో కొందరు దాన్ని చదువురాని లెక్క అనుకున్నాం.

నేర్చుకుంటే ఏమొస్తుంది అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాలి కూడా. ఫ్రెంచ్ ఒక్క ఫ్రాన్స్ భాషే కాదు. బెల్జియం, స్విట్జర్లాండ్, కెనడాలలో, ఆఫ్రికాలో సెనెగల్, ఐవరీ కోస్ట్ లాంటి చాలా దేశాల్లో వాడుకలో ఉంది. మన గోదావరి ఒడ్డున యానాంలో 1954 దాకా ఫ్రెంచ్ పాలనే నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో ఫ్రెంచ్ ఒకటి. ఈ రోజు మనం జరుపుకునే ఆగస్టు 9కి మూలం కూడా, 1982లో అదే తేదీన ఆదివాసీ ప్రజల మీద ఐక్యరాజ్యసమితి కార్యబృందం జెనీవాలో జరిపిన మొదటి సమావేశం. జెనీవా వీధుల్లో మాట్లాడేది ఫ్రెంచే. మన తరఫున అక్కడ నిలబడి మాట్లాడేవాళ్లు మనలో నుంచే రావాలని మా ఆశ.

అయితే ఇంటర్ రెండేళ్లతో ఎవరూ అక్కడికి చేరరు. ఫ్రెంచ్ స్థాయిని ఏ1, ఏ2, బీ1, బీ2 అని మెట్లుగా లెక్కిస్తారు. వాటికి డెల్ఫ్ అనే పరీక్ష ఉంది. ఇంటర్‌లో బాగా చదివితే ఎక్కేది కింది మెట్లే. ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్ మాధ్యమంలో డిగ్రీ చదవాలంటే సాధారణంగా బీ2 అడుగుతారు. హైదరాబాద్‌లో ఇఫ్లూ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ ఫ్రెంచ్‌లో బీఏ చదవొచ్చు. అలయాన్స్ ఫ్రాంసేజ్‌లో ఫీజు కట్టి మెట్టు మెట్టుగా నేర్చుకోవచ్చు. అనువాదం, బోధన, పర్యాటకం, విదేశీ సంస్థల్లో పని, ఇవన్నీ పై మెట్లు ఎక్కినవాళ్లకే.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. ఫ్రెంచ్ అందమైన భాషే గానీ, దాని కింద నలిగిన భాషలు ఉన్నాయి. ఫ్రాన్స్‌లోనే బ్రిటనీ అనే ప్రాంతంలో బ్రెటన్ భాష మాట్లాడేవాళ్లు. బడిలో ఆ మాట నోట్లో నుంచి వస్తే పిల్లల మెడలో చెక్క ముక్కో, పాత చెక్క చెప్పో వేలాడదీసేవాళ్లు. బ్రెటన్ మాట్లాడే ఇంకొకరు దొరికితే అది వాళ్ల మెడలోకి మారేది. అలా పిల్లల చేతే పిల్లలను పట్టించారు. 1951లో గానీ ఆ భాషను బడిలో చెప్పడానికి చట్టం రాలేదు.

కెనడాలో ఇంకా ఘోరం. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు, సొంత భాష మాట్లాడితే దండించారు. 2008లో అక్కడి ప్రభుత్వం పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. ఆ బడుల సంగతి చదివినప్పుడు హాస్టల్ నడిపేవాళ్లుగా మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. మన హాస్టళ్లు వేరు. అమ్మానాన్నలే తెచ్చి దిగబెడతారు, పండుగకు తీసుకుపోతారు. అయినా ఫోన్‌లో అమ్మతో మాట్లాడేటప్పుడు పక్కన ఎవరున్నారో చూసి గొంతు తగ్గించే పిల్లలు మన దగ్గరా ఉన్నారు. మెడలో చెక్క ముక్క ఎవరూ వేయకపోయినా సిగ్గు ఆ పని చేస్తోంది.

అదే కెనడాలో, ఇన్నూ అనే ఆదివాసీ తెగలో జోసెఫీన్ బేకన్ అనే కవయిత్రి ఉన్నారు. 1947లో పుట్టారు. చిన్నతనం అలాంటి బడిలోనే గడిచింది. బడి ఫ్రెంచ్ నేర్పింది, ఆమె నేర్చుకున్నారు. ఇన్నూ భాషను మాత్రం వదల్లేదు. పెద్దల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు విన్నారు, అనువాదాలు చేశారు. 2009లో వచ్చిన ఆమె మొదటి కవితల పుస్తకంలో రెండు భాషలూ పక్కపక్కనే ఉంటాయి. బయటి ప్రపంచానికి ఫ్రెంచ్, ఇంటివాళ్లకు ఇన్నూ. మీరు ఫ్రెంచ్ తీసుకుంటే ఇలా తీసుకోండి అని మేము చెప్పేది అందుకే.

ఇక ఆ గడి నింపే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఆ కాలేజీలో రెండేళ్లూ ఫ్రెంచ్ చెప్పే లెక్చరర్ ఉన్నారా, లేక గైడ్ ఇచ్చి చదువుకోమంటారా? సీనియర్లను అడిగితే నిజం తెలుస్తుంది. రెండు, ఇంటర్ తర్వాత కూడా దాన్ని కొనసాగించే ఉద్దేశం ఉందా? మూడు, రోజూ ఒక పేజీ తెలుగు చదవడం, వారానికి ఒక పేజీ రాయడం చేయగలరా? నాలుగు, ఇంటి భాషలో అమ్మతో, అవ్వతో గొంతు తగ్గించకుండా మాట్లాడతారా?

నాలుగింటికీ అవును అంటే ఫ్రెంచ్ అని ధైర్యంగా రాయండి. మేము మీ వెనక ఉంటాం. మొదటి ప్రశ్నకే కాదు అని వస్తే తెలుగు అని రాయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఫ్రెంచ్ మీద ఇష్టం ఉంటే డిగ్రీలో మొదలుపెట్టినా ఆలస్యం కాదు. మీ తరఫున ఆ గడిని ఇంకొకరు నింపుతుంటే మాత్రం, "ఆగండి సార్, ఇంట్లో అడిగి చెబుతాను" అనండి. ఆ మాట అనడానికి మీకు హక్కుంది.

ఈ దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అవ్వ దగ్గర కూర్చుని, ఒకటి నుంచి వంద దాకా మన భాషలో లెక్కపెట్టమని అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని, నోటుబుక్కులో రాసుకుని రండి. హాస్టల్లో అందరం కలిసి విందాం.