మేలుకొనని కంప్యూటరు

కొత్త ఇంటికి మారినప్పుడు మంచాలు, బీరువాలు, పుస్తకాలు, పూజసామగ్రి అన్నీ బండి మీద చేరవేసి, తీరా వీధితలుపు తాళపుచెవిని పాత ఇంటి గూటిలోనే మరచి వచ్చినట్లయితే ఏమగును? ఇంటినిండా సామాను ఉన్నది. అడుగు లోపల పెట్టే దారి లేదు. కంప్యూటరులోని పాత డిస్కును తీసి, దాని నకలును కొత్త డిస్కులో నింపి అమర్చుకొన్న వారిలో పలువురికి ఎదురయ్యే చిక్కు ఇటువంటిదే. ఆ చిక్కులో నేనును పడి లేచినవాడనే కనుక, ఆ అనుభవాన్ని శ్రోతలతో పంచుకొనదలచినాను.

మా ఇంటి కంప్యూటరులో పాత హార్డ్ డిస్కు ఒకటి ఉండెడిది. అందులో మా అమ్మ పాడిన మంగళహారతులు, పెళ్ళిపాటలు ఉన్నవి. ఎప్పుడో క్యాసెట్టు మీద పట్టినవి. క్యాసెట్టు బూజు పట్టి పోగా, ఈ డిస్కులోని ప్రతియే మిగిలినది. ఒకనాడు ఆ డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేయసాగినది. తిరిగే పళ్ళెములు గల డిస్కు అట్లు పలికినదంటే దాని ఆయువు తీరవచ్చినదని గ్రహించవలెను. వెంటనే తిరిగే భాగములు లేని ఎస్‌ఎస్‌డీ ఒకటి తెచ్చి, ‘సి’ అనే విభాగాన్ని దానిలోనికి క్లోన్ చేసినాను. జాబితాలో 100 మెగాబైట్ల చిన్న విభాగం ఒకటి కనిపించినది. ఇంత చిన్నదానితో మనకేమి పని అని దానిని వదలివేసినాను. చేసిన తప్పు అదియే.

రెండు డిస్కులూ ఉండగా కంప్యూటరు చక్కగా లేచినది. పని అయినదని సంతోషించినాను. వేగం పెరగలేదేమా అన్న శంక కలిగినను పట్టించుకొనలేదు. నిజమునకు అప్పటికీ నడచుచున్నది పాత డిస్కే. దానిని ఊడదీయగానే, బూట్ చేయదగిన పరికరం లేదన్న ఒక్క వాక్యం నల్లని తెర మీద నిలిచినది. మరమ్మతు చేసే కుర్రవాడు వచ్చి చూచి, “ఫార్మాట్ చేసి విండోస్ మళ్ళీ వేద్దాం సార్, గంటలో అయిపోతుంది” అన్నాడు. వద్దన్నాను. పాత డిస్కు అవసానదశలో ఉన్నది. కొత్త డిస్కును తుడిచివేసినచో అమ్మ గొంతు ఎక్కడ మిగులును?

ఇక్కడ ముఖ్యంగా గుర్తించవలసినది ఒకటి ఉన్నది. కంప్యూటరు లేవకపోవుట వేరు, అందులోని సరుకు పోవుట వేరు. ఆ కొత్త డిస్కును మరొక కంప్యూటరుకు తగిలించి చూడగా పాటలన్నీ పదిలంగానే ఉన్నవి. ముందుగా వాటిని పెన్‌డ్రైవ్‌లోనికి ఎక్కించుకొన్నాను. మనసు కుదుటపడిన తరువాతనే మరమ్మతుకు పూనుకొన్నాను. ఎవరైనను ఈ వరుసనే పాటించుట మేలు.

కంప్యూటరు మేలుకొనే క్రమం తెలిసినచో రోగం ఎక్కడ ఉన్నదో తెలియును. ‘బూట్’ అన్న మాట పాదరక్షల నుండి వచ్చినదే: తన బూటుపట్టీలను తానే పట్టి తనను తాను పైకి లేపుకొనుట అని భావం. మీట నొక్కగానే ముందు లేచునది విండోస్ కాదు. మదర్‌బోర్డులోని చిన్న ప్రోగ్రాము. పాత యంత్రాలలో దాని పేరు బయాస్, కొత్తవాటిలో యూఈఎఫ్‌ఐ. బయాస్ డిస్కులోని మొదటి 512 బైట్ల గడిని చదివి ముందుకు పోవును. యూఈఎఫ్‌ఐ అట్లు కాక, ఈఎఫ్‌ఐ విభాగమనే చిన్న గదిని వెదకి, అందులోని ప్రోగ్రామును పిలుచును. ఆ ప్రోగ్రాము విండోస్ ఎక్కడ ఉన్నదో తన చిట్టాలో చూచి దానిని లేపును. నేను వదలివేసిన 100 మెగాబైట్లు ఆ గదియే.

మందు కూడ అక్కడే ఉన్నది. పాత డిస్కును ఊడదీసి ఉంచవలెను. 8 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లో విండోస్ స్థాపనకు కావలసిన సామగ్రిని మరొక కంప్యూటరు మీద సిద్ధం చేసుకొని, దానితో యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనే యంత్రాన్ని లేపవలెను. మొదటి తెర రాగానే షిఫ్టు, ఎఫ్10 మీటలను కలిపి నొక్కినచో ఆజ్ఞలు వ్రాసే నల్లని కిటికీ తెరుచుకొనును. అందులో ‘డిస్క్‌పార్ట్’ను పిలిచి, పరిమాణాన్ని బట్టి కొత్త డిస్కును ఎంచుకొని, మిగిలిన ఖాళీ చోటులో 260 మెగాబైట్ల ఈఎఫ్‌ఐ విభాగం సృష్టించి, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి, దానికి ‘ఎస్’ అను అక్షరం ఇచ్చినాను. ఫార్మాట్ చేయవలసినది ఈ చిన్న గదిని మాత్రమే. ఇచ్చట ‘క్లీన్’ అన్న ఆజ్ఞ పొరపాటున కూడ వ్రాయరాదు. అది డిస్కులోని విభాగాలన్నిటినీ చెరిపివేయును. తరువాత ‘బీసీడీబూట్’ అను ఆజ్ఞకు విండోస్ ఉన్న చోటును, కొత్త గది అక్షరాన్ని తెలుపగా, అది కావలసిన ప్రోగ్రామును, చిట్టాను ఆ గదిలో నింపినది. ఈ కిటికీలో ‘సి’ విభాగం మరొక అక్షరంతో కనిపించుట కద్దు, చూచుకొని వ్రాయవలెను.

అందరి రోగం ఒకటే కాదు. డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉండి, యంత్రం యూఈఎఫ్‌ఐ మాత్రమే ఎరిగినదైనచో అది లేవదు. అప్పుడు విండోస్‌తో వచ్చే ‘ఎంబీఆర్2జీపీటీ’ అను సాధనం సరుకు చెడకుండ పద్ధతిని మార్చును. ముందుగా దాని పరీక్షను జరిపి, సరే అన్న తరువాతనే మార్పుకు దిగవలెను. నీలితెర మీద ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని కనిపించినచో, విండోస్ కొత్త డిస్కును పలకరించే డ్రైవరును ఇంకా సిద్ధం చేసుకొనలేదని అర్థం కావచ్చును. ఒకమారు సేఫ్ మోడ్‌లో లేపినచో తరువాత మామూలుగా లేచుట కద్దు. బిట్‌లాకర్ తాళం వేసిన యంత్రమైనచో, దాని 48 అంకెల రికవరీ కీని పని మొదలిడకముందే కాగితం మీద వ్రాసి ఉంచుకొనవలెను.

క్లోన్ చేయునప్పుడు చిన్నదని ఏ విభాగాన్నీ వదలకుండ డిస్కు మొత్తాన్ని తీసుకొన్నచో ఈ శ్రమలో అధికభాగం ఉండదు. పని ముగియగానే పాత డిస్కును ఊడదీసి, కొత్తది ఒంటరిగా లేచునో లేదో చూడవలెను. లేచినను పాతదానిని తుడిచివేయక కొన్ని వారాలు దాచి ఉంచవలెను.

ఆనాటి రాత్రి పెన్‌డ్రైవ్ తీసి మీట నొక్కగా, కొత్త డిస్కు కొద్ది క్షణాలలోనే మేలుకొన్నది. మొదటగా పెట్టి విన్నది అమ్మ పాటనే. నడుమ ఎవరో తలుపు తట్టిన చప్పుడు, “ఉండండి, వస్తున్నా” అన్న ఆమె మాట కూడ అందులో ఉన్నవి. ఇప్పుడు ఆ పాటలు మూడుచోట్ల భద్రంగా ఉన్నవి. మీ ఇంటిలో అటువంటివి ఒక్కచోటనే ఉన్నచో, డిస్కు టిక్కుటిక్కుమనక ముందే రెండవచోటు చూడుడని మనవి.