మల్టీకాస్ట్‌లో ఆర్‌పీ: మనమే రాసి పెట్టాలా, రౌటర్లకే వదిలేయాలా?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల నెట్‌వర్కింగ్ నేర్చుకుంటున్న వాళ్ల కోసమే ఈ ఎపిసోడ్. ఇంటర్వ్యూలో 'స్టాటిక్ ఆర్‌పీ బెటరా, డైనమిక్ ఆర్‌పీ బెటరా?' అంటే చాలామంది టక్కున 'డైనమిక్ సార్' అనేస్తారు. 'ఎందుకు?' అంటే 'ఆటోమేటిక్ కదా సార్' అంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది. ఆ 'ఎందుకు' ఏంటో ఇవాళ చూద్దాం.

మల్టీకాస్ట్ అంటే సోర్స్ ఒక్క కాపీ పంపుతుంది. కావాలన్న వాళ్లందరికీ కాపీలు చేసి ఇచ్చే పని నెట్‌వర్క్‌ది. ఐపీటీవీ అలాగే నడుస్తుంది. ఎన్‌ఎస్‌ఈ ఇచ్చే టిక్ బై టిక్ ధరల ఫీడ్ కూడా మల్టీకాస్టే. చిక్కు ఏంటంటే, రిసీవర్‌కి 239.1.1.1 లాంటి గ్రూప్ అడ్రస్ తెలుసు గానీ, సోర్స్ ఎక్కడుందో తెలీదు. పిమ్ స్పార్స్ మోడ్‌లో వీళ్లిద్దర్నీ కలిపే రౌటరే రెండెవూ పాయింట్, అంటే ఆర్‌పీ.

మన రెడ్ లైన్ మెట్రోనే తీసుకోండి. ఒకడు మియాపూర్ నుంచి, ఇంకొకడు ఎల్‌బీ నగర్ నుంచి బయల్దేరారు. ఒకడు పంజాగుట్టలో దిగాడు, ఇంకొకడు అమీర్‌పేటలో దిగాడు. పక్కపక్క స్టేషన్లే, అయినా కలవలేదు. ఆర్‌పీ విషయంలోనూ అంతే. సోర్స్ వైపు రౌటర్ ఒక ఆర్‌పీకి రిజిస్టర్ పంపి, రిసీవర్ వైపు రౌటర్ ఇంకో ఆర్‌పీకి జాయిన్ పంపితే, పింగ్ బాగానే పోతుంది, వీడియో మాత్రం రాదు. కాబట్టి అసలు ప్రశ్న స్టాటికా, డైనమికా అని కాదు. అన్ని రౌటర్లూ ఒకే మాట మీద ఉండేలా ఎవరు చూసుకుంటారు?

స్టాటిక్‌లో ఆ పని మనిషిది. ప్రతి రౌటర్‌లో ఆర్‌పీ అడ్రస్ మనమే రాయాలి. పది రౌటర్లుంటే హాయి. రెండు వందలుంటే, ఒక్కదాంట్లో ఒక్క అంకె తప్పినా ఆ ఒక్క బ్రాంచ్‌కే వీడియో రాదు. పైగా ఆ ఆర్‌పీ పడిపోతే ఇంకో దారి లేదు.

డైనమిక్‌లో ఆ పని ప్రోటోకాల్‌ది. సిస్కో వాళ్ల సొంతది ఆటో-ఆర్‌పీ. ఇది 224.0.1.39, 224.0.1.40 గ్రూపుల మీద నడుస్తుంది. అంటే ఆర్‌పీ ఎవరో చెప్పడానికే మల్టీకాస్ట్ కావాలి! అందుకే దానికి డెన్స్ మోడ్ సాయం పెట్టాల్సి వస్తుంది. స్టాండర్డ్ పద్ధతి బీఎస్‌ఆర్, ఆర్‌ఎఫ్‌సీ 5059. దీని మెసేజ్‌లు పక్క రౌటర్ నుంచి పక్క రౌటర్‌కి వెళ్తాయి కాబట్టి ఆ గొడవ లేదు. కానీ ఆర్‌పీ పడిపోతే, డీఫాల్ట్ టైమర్లతో కొత్తది తేలడానికి రెండు నిమిషాలు దాటొచ్చు. ఎవరో ల్యాబ్ రౌటర్‌ని మంచి ప్రయారిటీతో క్యాండిడేట్‌గా పెట్టేస్తే, అదే ఆర్‌పీ అయి కూర్చుంటుంది కూడా.

ఒక మంచి విషయం ఉంది. సిస్కోలో డీఫాల్ట్‌గా, మొదటి ప్యాకెట్ అందగానే రిసీవర్ వైపు రౌటర్ సోర్స్‌కి నేరుగా దగ్గరి దారి పట్టేస్తుంది. అందుకని ఆర్‌పీ పోయినా, అప్పటికే అలా నడుస్తున్న స్ట్రీమ్ వెంటనే ఆగదు. దెబ్బ తగిలేది కొత్తగా చేరేవాళ్లకే.

మరి ఏం ఎంచుకోవాలి? నా ఓటు ఎనీకాస్ట్ ఆర్‌పీకి. రెండు రౌటర్లకి ఒకే లూప్‌బ్యాక్ అడ్రస్ ఇవ్వండి. మిగతా అన్నిట్లో ఆ అడ్రస్‌నే స్టాటిక్‌గా రాయండి. ఎవరికి దగ్గరైన ఆర్‌పీకి వాళ్లు వెళ్తారు. ఒకటి పోతే ఓఎస్‌పీఎఫ్ రూట్ మార్చుకోగానే రెండోదానికి చేరతారు. కానీ ఆ రెండింటి మధ్య ఎంఎస్‌డీపీ మర్చిపోవద్దు! ఒకచోట రిజిస్టర్ అయిన సోర్స్ గురించి రెండోదానికి చెప్పేది అదే. అది లేకపోతే మళ్లీ పంజాగుట్ట, అమీర్‌పేట కథే. రౌటర్లు రోజూ పెరుగుతూ, ఏ గ్రూప్‌కి ఏ ఆర్‌పీ అన్నది తరచూ మారే చోట మాత్రం బీఎస్‌ఆర్ పెట్టండి, నెట్‌వర్క్ అంచుల్లో దాన్ని ఆపేయండి.

చివరిగా ఒక ఇంటర్వ్యూ మెలిక. సిస్కోలో స్టాటిక్, డైనమిక్ రెండూ ఉంటే ఏది గెలుస్తుంది? డైనమిక్! స్టాటిక్ గెలవాలంటే 'ఓవర్‌రైడ్' అని రాయాలి. ఈ రాత్రి ల్యాబ్‌లో మూడు రౌటర్లు పెట్టి, 'షో ఐపీ పిమ్ ఆర్‌పీ మ్యాపింగ్' కొట్టి చూడండి. ఏం కనపడిందో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను ఫ్రెండ్స్, బై!